ఐదు బారల నేల

గోదారి గట్టుకి ఇవతల పొలం ఉన్నవాళ్లు హద్దురాయి ఒక్కసారి పాతుకుంటే మూడు తరాలు చూసుకోనక్కర్లేదు. గట్టుకి అవతల, ఏటి నడుమ లంకలో పొలం ఉన్నవాళ్లకి ఆ నిశ్చింత లేదు. పెద్ద వరద వచ్చిందంటే గెడలూ కంచెలూ కొట్టుకుపోతాయి, రాళ్లు ఒండ్రు కింద కూరుకుపోతాయి. నీరు తీశాక వెళ్లి చూస్తే లంకంతా అప్పుడే అలికిన అరుగులా నున్నగా ఉంటుంది. ఎవరి చేను ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో చెప్పడానికి ఒక్క గడ్డిపోచ మిగలదు.

అందుకని నల్లమేట లంక రైతులకి పూర్వం నుంచీ ఒక పద్ధతి ఉంది. దాన్ని సూటి పట్టడం అంటారు. లంకలో నిలబడి ఒడ్డుకేసి చూస్తూ, అక్కడ కదలకుండా ఉండే రెండు గుర్తులు ఒకదాని వెనక ఒకటి చేరి ఒక్కటిగా కనపడే చోటు వెతుకుతారు. ఆ చోటే హద్దు. ఒకరికి తాడిచెట్టూ వంతెన స్తంభమూ గుర్తులైతే, ఇంకొకరికి రైసుమిల్లు గొట్టమూ సెల్ టవరూ. గంగరాజు చేనుకీ, దానికి ఎగువనున్న జ్ఞానమ్మ చేనుకీ మధ్య హద్దుకి గుర్తులు రేవులోని రాతి స్తంభం, దాని వెనక దూరంగా చర్చి గంటగోపురం. స్తంభం వెళ్లి గోపురం నడిమధ్యన నిలిచిందా, కాళ్ల కింద ఉన్నదే హద్దు. ఎనభై ఆరు వరద తీశాక గంగరాజూ జ్ఞానమ్మ మొగుడూ కలిసి పెట్టుకున్న గుర్తులవి. మొగుడు పోయాక ఆ అరెకరం జ్ఞానమ్మే చేసుకుంటోంది.

ఈ పద్ధతికి ఇంకో నియమం కూడా ఉంది. గుర్తులు చెప్పేది పాత కళ్లు, చూసేది కొత్త కళ్లు. పెద్దవాళ్లకి ఎంత తెలిసినా పక్కన నిలబడాల్సిందే. ఇంట్లో పిల్లలెవరో ఒకరు చూసి "ఒక్కటయ్యాయి" అన్నాకే గెడ పాతుతారు. రేపు పెద్దవాళ్లు లేకపోయినా గుర్తు మిగలాలని ఎవరో తెలివిగలవాళ్లు పెట్టిన నియమం అది.

ఈ ఏడు జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాకా వచ్చింది వరద. ఆ నాలుగు రోజులూ ఊళ్లో ఎవరికెవరు ఎదురుపడినా "బాగున్నారా" అనలేదు, "ధవళేశ్వరంలో ఎంతుందంట?" అనే పలకరించుకున్నారు. రెండువేల ఇరవై రెండు తర్వాత లంక మళ్లీ పూర్తిగా మునిగింది ఇప్పుడే. నీరు తీసి, నెలన్నర ఎండకి ఒండ్రు గట్టిపడి, కాలు దిగబడకుండా నడవొచ్చని తెలిశాక గంగరాజు మనవరాలిని పిలిచాడు.

"ఏమే సుప్రజా, రేపు సూటికి నువ్వు రావాలి."

సుప్రజ పదో తరగతి. ఇంటికి చుట్టాలొస్తే పెరట్లోంచి వంటింట్లోకీ వంటింట్లోంచి పెరట్లోకీ తిరుగుతూ ఎవరి కంటా పడకుండా రోజు వెళ్లదీసే పిల్ల. బళ్లో హాజరు పలికినా మాష్టారికి రెండోసారికి గానీ వినపడదు.

"నాన్నని తీసుకెళ్లు తాతయ్యా," అంది.

"మీ నాన్నవి కొత్త కళ్లేంటే? నలభై రెండేళ్లు. పైగా తెల్లారకుండానే రావులపాలెం మార్కెట్టుకి పోతాడాయె, గెలలెక్కించడానికి. పోయినసారి వాడే చూశాడులే. ఇప్పుడు నీ వంతు."

"నేను తప్పు చెప్తే?"

"రెండు కనపడితే రెండను, ఒకటి కనపడితే ఒకటను. దీనికేం మాథ్స్ కావాలా?"

వంటింట్లోంచి మామ్మ రత్నమాణిక్యం అందుకుంది. "ముందు దాని నోట్లోంచి మాట బయటికొస్తుందో లేదో చూసుకోండి. మొన్న టీచరుగారు ఇంటికొస్తే పేరు చెప్పడానికి పావుగంట పట్టింది దానికి."

మర్నాడు ఏడింటికల్లా రేవుకి వెళ్లారు. అప్పటికే వీరబ్రహ్మం నావలో జ్ఞానమ్మ కూర్చుని ఉంది, ఒళ్లో చద్దిగిన్నె మూట పెట్టుకుని. రేవు మెట్ల పక్కన సున్నం కొట్టిన రాతి స్తంభం రెండు నిలువుల ఎత్తున ఉంది. దాని మెడ చుట్టూ వేలు దూరేంత లోతున గాట్లు. వంతెనలూ లారీలూ రాకముందు రాజమండ్రి నుంచీ యానాం నుంచీ సరుకు పడవలు ఈ రేవుకి వచ్చేవి. వాటి మోకులు ఏళ్ల తరబడి ఒరుసుకుని పడ్డ గాట్లు అవి. సుప్రజ చిన్నప్పుడు వాటిలో చింతగింజలు దాచుకునేది.

"ఏం జ్ఞానమ్మా, నీ చేను మిగిలిందంటావా, అంతర్వేది దాటేసిందంటావా?" అన్నాడు గంగరాజు నావెక్కుతూ.

"అది వశిష్ఠలో కదండి! మనది గౌతమి. నా చేను పోతే యానాం పోద్ది గానీ అంతర్వేది ఎందుకు పోద్దండి?" అంది జ్ఞానమ్మ. "మిగిలిందో లేదో ఈ బంగారుతల్లే చెప్పాలి ఇయ్యాల."

సుప్రజ తల వంచుకుని నవ్వింది.

"ఆయ్, పిల్లకి నవ్వడం వచ్చండోయ్," అన్నాడు వీరబ్రహ్మం తెడ్డు అందుకుంటూ.

నావ పాయలోకి మళ్లింది. నీరు ఇంకా ఎర్రదనం పోలేదు, పాలు తక్కువైన టీలా ఉంది. గంగరాజుకి నావెక్కితే చాలు, మాటలు వాటంతటవే వస్తాయి.

"చూడమ్మా సుప్రజా, గట్టు లోపలోళ్లకి గోదారి కొలిచి వస్తుంది. ధవళేశ్వరంలో తలుపులెత్తితే కాలవల్లో పడి, లాకులు దాటుకుంటూ బుద్ధిగా చేలల్లోకి పోతుంది. ఆ ఆనకట్టా కాలవలూ రాకముందు ఈ దేశమంతా ఒక ఏడు వరద, ఒక ఏడు కరువంట. తిండికి లేక జనం వలసపోయారంట. మా తాతకి వాళ్ల తాత చెప్పిన మాట. కాలవలొచ్చాక ఊళ్లన్నీ కుదుటపడ్డాయి. మన లంకలొక్కటే ఇంకా పాత గోదారి చేతిలో ఉన్నాయి. మనకి కొలతా లేదు, బుద్ధీ లేదు. ఎంతొస్తే అంతే."

"ఒండ్రు కూడా మనకే కదండి," అంది జ్ఞానమ్మ. "గట్టు లోపలోళ్లు బస్తాలకి బస్తాలు ఎరువేత్తారు. మనకి ఆవిడే మోసుకొచ్చి ఏసి పోద్ది. మూడేళ్లు ముట్టుకోనక్కర్లేదు."

లంక ఎక్కగానే ఆ మాట ఎంత నిజమో కనపడింది. కొన్నిచోట్ల మూరెడు, కొన్నిచోట్ల నడుం లోతు కొత్త ఒండ్రు పడింది. పైన పెంకులు పెంకులుగా బీటలిచ్చి ఉంది గానీ, ఒక పెంకు ఎత్తి చూస్తే కింద నల్లగా, వెన్నలా మెత్తగా ఉంది. ఎగువ కొసన మాత్రం లంక ముక్కు కోసుకుపోయి, నిలువునా తెగిన మట్టి కనిపిస్తోంది. జ్ఞానమ్మ చేను అటు కొసనే.

గంగరాజు మనవరాలిని భుజాలు పట్టి ఒడ్డుకేసి తిప్పాడు. "అదిగో స్తంభం. దాని వెనక గోపురం. కనపడుతున్నాయా?"

కనపడుతున్నాయి. చర్చి గోపురం కొత్త రంగుతో తెల్లగా మెరుస్తోంది. సుప్రజ దిగువకి రెండడుగులు వేసింది. స్తంభం గోపురాన్ని వదిలి దూరం జరిగింది. ఎగువకి నడిచింది, దగ్గరైంది. ఇంకా నడిచింది. స్తంభం మెల్లగా వెళ్లి గోపురం నడిమధ్యన, కిటికీ కింద, గీత గీసినట్టు నిలబడింది. వెనక ముగ్గురు పెద్దవాళ్లు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. జీవితంలో మొదటిసారి ఇంతమంది ఆమె మాట కోసం ఎదురుచూడటం.

"ఒక్కటయ్యాయి," అంది.

"ఏమన్నావమ్మా? చేపలకి వినపడింది గానీ మాదాకా రాలేదు," అన్నాడు వీరబ్రహ్మం.

"ఒక్కటయ్యాయి!"

ఈసారి గట్టిగానే వచ్చింది. గంగరాజు అక్కడే గెడ పాతాడు. చేను వెంబడి ఇంకో కొసకి వెళ్లి అక్కడా చూసింది, అక్కడా పాతారు. రెండు గెడల మధ్య కొబ్బరితాడు లాగి కట్టారు. జ్ఞానమ్మ తాడు దగ్గర్నుంచి తెగిన ముక్కు దాకా చేతులు బార్లా చాపి కొలుచుకుంటూ వెళ్లి, తిరిగి వచ్చి, చద్దిగిన్నె మూట విప్పింది.

"బాగా కోసేసిందండి. పోయినసారికి నాలుగోవంతు తక్కువే ఉంది," అంది ఆవకాయ ముక్క సుప్రజ చేతిలో పెడుతూ. "ఏం చేత్తాం? గోదారి తీసుకుంటే ఎవర్ని అడుగుతాం? ఇంకెప్పుడో ఇంకోచోట మేట ఏత్తాది. ఇచ్చిన చెయ్యే కదా."

ఆ రోజు ఇంటికి తిరిగొచ్చేటప్పుడు సుప్రజకి నేల మీద నడిచినట్టు లేదు. గంగరాజు దారిలో కనపడ్డ ప్రతివాళ్లకీ చెప్పాడు, సూటి మా పిల్లే పట్టిందని. కడియం వాళ్లకి చక్కెరకేళి పిలకలకి కబురు చేశాడు. గురువారం వస్తామన్నారు. పిలకలు నాటారంటే మళ్లీ పెద్ద వరద వచ్చేదాకా ఆ హద్దే హద్దు.

ఆదివారం మధ్యాహ్నం మామ్మ గుమ్మడి విత్తనాల కోసం సుప్రజని జ్ఞానమ్మ దగ్గరికి పంపింది. జ్ఞానమ్మ ఇంటి దగ్గర లేదు. చర్చి పక్కన, నేలకి జానెడెత్తున ఉన్న పాత సిమెంటు చపటా మీద పాత చీర పరిచి మిరపకాయలు ఎండబెట్టుకుంటోంది.

"ఇక్కడ కూర్చోమ్మా, సుర్రుమనకుండా ఈ చీర కొస మీద కూర్చో. ఎండకి ఇంత మంచి చోటు ఊరు మొత్తం మీద లేదు."

"ఇదేంటి మామ్మగారూ, ఎవరిదీ అరుగు?" అని అడిగింది సుప్రజ.

"అరుగేంటే? పాత గోపురం మొదలు! మర్చిపోయావా? ఇరవై రెండు వరదకి ఊటనీరొచ్చి పునాది బీటలిచ్చింది కదా. కూల్చేశారు. తాపీమేస్త్రి ఈ పునాది పనికిరాదు, పక్కన గట్టినేల మీద కడదామన్నాడు. అదిగో, అక్కడ కట్టారు." జ్ఞానమ్మ గర్వంగా తలెత్తి కొత్త గోపురం చూసింది. "రెండు వందల ఇటుక మోశాను నేను దానికి. ఈ వయసులో!"

సుప్రజ చపటాని చూసింది. గోపురాన్ని చూసింది. మళ్లీ చపటాని చూసింది. ఐదో తరగతి దాకా పక్కనున్న బళ్లోనే చదివింది. ఆ రోజుల్లో మధ్యాహ్నం పూట గోపురం నీడ సరిగ్గా తమ గుమ్మంలో పడేది. ఇప్పుడు ఆ నీడ కుళాయి దగ్గర పడుతోంది. రోజూ సైకిల్ మీద ఈ దారినే వెళ్తూ కూడా ఆ సంగతి ఇప్పటిదాకా తోచలేదు. ఊళ్లో ఎవరికీ తోచలేదు. కట్టేటప్పుడు అందరూ చూశారు, కట్టాక గోపురం గోపురమే అనుకున్నారు.

"విత్తనాలు పెద్దవి ఏరి ఉంచానే," అంటోంది జ్ఞానమ్మ. "ఈసారి నాకు ఎక్కువ అక్కర్లేదులే. ఆ మిగిలిన నేలకి ఎన్ని పడతాయి?"

సుప్రజ విత్తనాల పొట్లం తీసుకుని లేచింది. రెండడుగులు వేసి వెనక్కొచ్చి, జ్ఞానమ్మ మిరపకాయలు తిరగేస్తూ అటు తిరిగినప్పుడు చపటా మధ్య నుంచి కొత్త గోపురం మధ్యకి ఎదురుగా వచ్చేదాకా పాదం ముందు పాదం ఆనించి కొలిచింది. పది అడుగులు. దిగువకి.

ఇంటికొచ్చి ఫోన్లో మ్యాప్ తీసింది. గోపురం నుంచి స్తంభానికి నూట యాభై మీటర్లు. స్తంభం నుంచి లంకలో చేనుకి నాలుగు వందల యాభై. నోట్సు వెనక పేజీలో గీతలు గీసింది. బళ్లో ఈ మధ్యే చెప్పిన సరూప త్రిభుజాలు. ఒడ్డున గోపురం దిగువకి పది అడుగులు జరిగితే లంకలో హద్దు ఎగువకి ముప్ఫై అడుగులు జరుగుతుంది. ముప్ఫై అడుగులంటే ఐదు బారలు. లెక్క తప్పేమోనని మూడుసార్లు చేసింది. మూడుసార్లూ ఐదు బారలే వచ్చింది.

ఆ ఐదు బారల నేలా గోదారి కొయ్యలేదు. తాను కోసింది, ఒక్క మాటతో. అదీ గట్టిగా, రెండుసార్లు అడిగించుకుని మరీ చెప్పిన మాట.

సోమవారం అన్నం సహించలేదు. మంగళవారం బళ్లో ఏం చెప్పారో తెలియదు. ఎవరికి చెప్పాలి? తాతయ్య ఊరంతా చెప్పుకున్నాడు. జ్ఞానమ్మ మామ్మగారు ఒప్పేసుకున్నారు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. గురువారం పిలకలు దిగుతాయి. కానీ రోజూ సాయంత్రం జ్ఞానమ్మ కూరగాయల బుట్టతో తమ గుమ్మం ముందు నుంచే ఇంటికి వెళ్తుంది. "ఏమ్మా బంగారం" అంటుంది. ఆ పలకరింపుకి రేపటి నుంచి ఎలా బదులివ్వాలి?

బుధవారం సాయంత్రం గంగరాజు రేవులో వీరబ్రహ్మంతో మర్నాటి పిలకలు దాటించే సంగతి మాట్లాడుతున్నాడు. సుప్రజ వెళ్లి స్తంభం పక్కన నిలబడింది.

"ఏమే, చీకటి పడే వేళ వచ్చావు, మామ్మ పంపిందా?"

"తాతయ్యా, సూటి తప్పు."

గంగరాజు నవ్వాడు. "తప్పేంటి? నువ్వే కదా ఒక్కటయ్యాయన్నావు."

"ఒక్కటయ్యాయి. కానీ ఆ గోపురం అప్పటి గోపురం కాదు. పక్కకి కట్టారు. పది అడుగులు."

"అయితే? పది అడుగులు అక్కడ జరిగితే ఇక్కడేమైంది? గోపురం నడిచొచ్చి నా చేలో పడిందా?"

సుప్రజకి త్రిభుజాలు చెప్పడానికి మాటలు దొరకలేదు. చుట్టూ చూసింది. వీరబ్రహ్మం నావ అంచుకి తాడుతో కట్టిన తెడ్డు కనపడింది. గబగబా నావెక్కి తెడ్డు పిడి పట్టుకుంది.

"ఇదిగో, ఈ తాడు కట్టిన చోటు రాతి స్తంభం. నా చేతిలో ఉన్న పిడి గోపురం. నీళ్లలో ఉన్న రెక్క మన హద్దు. ఇప్పుడు చూడు." పిడిని జానెడు ఇటు జరిపింది. నీళ్లలో రెక్క మూరెడు అటు జరిగింది. "గోపురం దిగువకి కొంచెం వస్తే హద్దు ఎగువకి చాలా పోతుంది. జ్ఞానమ్మ మామ్మగారి చేలోకి. ఐదు బారలు."

వీరబ్రహ్మం తెడ్డుని తన జీవితంలో మొదటిసారి చూసినట్టు చూశాడు. "ఆయ్," అన్నాడు, "నిజమేనండి గంగరాజుగారూ. అలాగే తిరుగుద్దండి."

గంగరాజు మెట్ల మీద కూర్చున్నాడు. తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. సుప్రజ తెడ్డు వదిలేసి నిలబడింది. తాతకి కోపం వచ్చిందో లేదో తెలియలేదు.

"గెడ పాతినప్పుడు నాకూ అనిపించింది," అన్నాడు చివరికి. "మన చేను కాస్త పొడుగెక్కిందేంటా అని. మేట పడిందిలే, గోదారి ఇచ్చిందిలే అనుకున్నా. ఆవిడేమో గోదారి తీసుకుందనుకుంది. ఇద్దరం కలిసి గోదారి నెత్తిన పెట్టాం." నావ వంక చూసి, "పిలకలు తెల్లారేసరికి వచ్చేస్తాయి," అన్నాడు.

ఇంటికి వెళ్లాక సంగతి విని రత్నమాణిక్యం గిన్నె ఠంగున దించింది. "ఎగువ చేను కోసి దిగువ చేనుకి అతికిస్తే మధ్యలో అతుకు కనపడదటండీ? రేపు పొద్దున్నే జ్ఞానమ్మకి చెప్పి మరీ నావెక్కండి."

"నేను చెప్పను," అన్నాడు గంగరాజు. సుప్రజ తలెత్తి చూసింది. "ఒక్కటయ్యాయని చెప్పింది ఎవరు? కొత్త కళ్లు. తప్పు పట్టింది ఎవరు? కొత్త కళ్లు. అదే చెప్తుంది. నేను పక్కన నిలబడతా. పద్ధతి పద్ధతే."

గురువారం పొద్దున్న రేవులో జ్ఞానమ్మ బుట్ట సర్దుకుంటుంటే సుప్రజ వెళ్లి ఎదురుగా నిలబడింది. ఏం చెప్పాలో రాత్రంతా అనుకున్న మాటలన్నీ పోయాయి. మిగిలిన మాటలు మాత్రం వరసగానే వచ్చాయి. చపటా, గోపురం, పది అడుగులు, ఐదు బారలు. "మీ నేల గోదారి తియ్యలేదు మామ్మగారూ. నా వల్ల పోయింది."

జ్ఞానమ్మ బుట్ట కింద పెట్టింది. చర్చి గోపురం వైపు చూసింది. రాతి స్తంభం వైపు చూసింది. తర్వాత నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని సుప్రజ హడలిపోయింది.

"ఓరి దేవుడో!" అంది జ్ఞానమ్మ నవ్వాపుకోలేక. "రెండు వందల ఇటుక మోసి నా చేను నేనే మింగించేశానన్నమాట! ఈ సంగతి పాస్టరుగారికి చెప్పాల్సిందే. ఈ ఆదివారం కానుక నా దగ్గర అడగొద్దనాలి." నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని సుప్రజ గడ్డం పట్టుకుంది. "నీ వల్ల ఏంటే? ముసలోళ్లం, మాకు తెలియొద్దూ? గంగరాజుగారూ, మీకంటే కళ్లల్లో శుక్లాలు, సరే. నా కళ్లకేమొచ్చిందండి? నాలుగు రోజులుగా ఆ చపటా మీదే కూర్చుంటున్నా!"

"నీ కళ్లు మిరపకాయల మీదున్నాయి," అన్నాడు గంగరాజు. అతనికీ నవ్వొచ్చింది.

సూటి మళ్లీ పట్టాలి. గోపురం లేదు, గోపురం ఉన్న చోటు మాత్రం ఉంది. వీరబ్రహ్మం నావని తన తమ్ముడికి అప్పజెప్పి, పొడవాటి వెదురు గెడ భుజానేసుకుని చపటా దగ్గరికి బయల్దేరాడు. గెడ కొసకి జ్ఞానమ్మ తన ఎర్రచీర ఒకటి కట్టి ఇచ్చింది. "కింద పడెయ్యకు, పండక్కి కట్టుకునే చీర అది," అని హెచ్చరించి మరీ ఇచ్చింది.

లంకలో సుప్రజ నిలబడి ఎదురుచూసింది. ఇళ్ల కప్పుల మీంచి, గట్టు మీంచి, ఒక ఎర్రని చుక్క మెల్లగా పైకి లేచింది. గాలికి రెపరెపలాడి నిలకడ పడింది. ఆమె దిగువకి నడవడం మొదలుపెట్టింది. మొన్న కట్టిన కొబ్బరితాడు దాటింది. తాత నాటడానికి గీసుకున్న మొదటి వరస దాటింది. రెండో వరస, మూడో వరస, నాలుగు. స్తంభం ఎర్రచీరకి దగ్గరై, దగ్గరై, దాని కిందకి వచ్చి చేరింది. ఎవరూ అడగకుండానే గట్టిగా చెప్పింది. గంగరాజు తాడు దగ్గర్నుంచి అక్కడికి బారలు వేసుకుంటూ వచ్చాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదో బార ఆమె కాళ్ల దగ్గర ఆగింది.

"ఐదంటే ఐదే," అన్నాడు. "నువ్వు ఫోన్లో కొలిచావా, ఏట్లో దిగి కొలిచావా?"

గెడ కోసం గొయ్యి తవ్వుతుంటే పలుగుకి ఏదో తగిలింది. ముందు ఈ ఏడాది ఒండ్రు, నల్లగా. దాని కింద నాలుగు వేళ్ల మందం ఇసుక. ఆ కింద మళ్లీ ఒండ్రు, కాస్త ఎర్రగా. అది ఇరవై రెండు వరద పోసిన పొర అన్నాడు గంగరాజు. ఆ ఎర్రపొరలో నిలువునా, నల్లబడిపోయి, తాటిదూలం ముక్క కనపడింది. పోయినసారి సుప్రజ నాన్న శివరామకృష్ణ చూసి చెప్తే గంగరాజు పాతిన హద్దు కొయ్య. పైన విరిగిపోయింది గానీ మొదలు కదల్లేదు. సుప్రజ నిలబడి చూపించిన చోటికి జానెడు కూడా తేడా లేదు.

"ఇంకా తవ్వితే మీ ఆయన పాతింది కూడా దొరుకుతుందేమో జ్ఞానమ్మా," అన్నాడు గంగరాజు.

"ఉండనియ్యండి, ఆయన్ని లేపడమెందుకు," అంది జ్ఞానమ్మ. వంగి ఆ కొయ్య మీది మట్టి అరచేత్తో తుడిచింది. తర్వాత లేచి, తన నేల వైపు తిరిగి చూసుకుంది. తెగిన ముక్కు దాకా చూపు సాగించి, "గోదారి కోసింది కొంచెమేనండి. పాపం, ఊరికే ఆడిపోసుకున్నాం," అంది.

అప్పటికి కడియం నుంచి వచ్చిన పిలకలు రెండు నావల్లో లంక చేరాయి. గంగరాజు లెక్క తప్పింది. ఐదు బారల నేలకి సరిపడా పిలకలు ఎక్కువయ్యాయి. అవి ఒడ్డున కుప్పగా పడి ఉంటే అతను వాటి వంకా జ్ఞానమ్మ వంకా చూశాడు.

"జ్ఞానమ్మా, ఎప్పుడూ ఆ గుమ్మడీ దోసేనా? నాలుగు వరసలు చక్కెరకేళి వేసి చూడు. పిలకలు వెనక్కి మోయించడం నాకు దండగ. గెలలు దిగాక మా శివ నీవి కూడా మార్కెట్టుకి ఎక్కిస్తాడు."

"అరటి నాకు చేతకాదండి."

"మాకు గుమ్మడి చేతకాదు. అయినా రత్నమాణిక్యం పెరట్లో పెట్టట్లేదూ? కాసినప్పుడు చూద్దాం."

జ్ఞానమ్మ ఆలోచించింది. "రెండు వరసలు ఎయ్యండి," అంది. "తక్కిందంతా గుమ్మడే. మరీ మొత్తం మీ ఇష్టానికి వదిలేత్తే ఎలా?"

"మూడు."

"రెండున్నర. ఆ సగం వరస ఈ పిల్ల పేర."

సుప్రజ చెప్పులు ఒడ్డున విడిచి, చున్నీ నడుముకి బిగించి, ఒక పిలక చంకలో పెట్టుకుని వచ్చింది. ఒండ్రు కాలివేళ్ల మధ్యనుంచి చల్లగా పైకి తన్నుకొచ్చింది. జ్ఞానమ్మ గొయ్యి చూపించింది. సుప్రజ పిలక దించి మట్టి లాగుతుంటే పక్కన కూర్చుని, "అంత లోతు వద్దే, మెడ పైకుండాలి. ఇక్కడ నేలే పైకొత్తాది, మనం కిందకి తొయ్యక్కర్లేదు," అని చెప్పి, ఆమె చేతుల మీద తన చేతులు వేసి మొదట్లో మట్టి గట్టిగా అదిమింది.

అవతల ఒడ్డు నుంచి వీరబ్రహ్మం చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అరుస్తున్నాడు, చీర దింపెయ్యనా అని. ఎవరూ పలకలేదు. ఇంకా నాటాల్సిన వరసలు చాలా ఉన్నాయి.